రాజారావు పరీక్ష చేసిన నీళ్లు

రాజారావు దేవుణ్ణి సీసాలో పోసి కంపెనీలో పరీక్ష చేశాడని, లేడని కాగితం వచ్చిందని మా ఊరు ఇస్నాపూర్ అంతా చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. సీసాలో పోసినవి నీళ్లు. కాగితం నేను చూశాను. అందులో దేవుడి పేరే లేదు.

రాజారావు మా కిరాణా దుకాణం వెనక గదిలో కిరాయికి ఉంటాడు. మందుల కంపెనీ ల్యాబులో పని. ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు పాఠం చెబుతాడు. తల్లి సంగమ్మ అతని దగ్గరే ఉంటుంది. ఆమెకు ఏడాదిగా కడుపునొప్పి. వాళ్ల చర్చిలో ఒక అలవాటు ఉంది. ఇంట్లో రోగులున్నవాళ్లు ఆదివారం చర్చి బోరు నీళ్లు సీసాల్లో పట్టి ముందు బల్ల మీద పెడతారు. పాస్టరు ప్రార్థన చేస్తాడు. వారమంతా రోగి అవే తాగాలి. సంగమ్మ వేరే నీళ్లు ముట్టదు.

ఈ పంతొమ్మిదివందల తొంభై ఆరు ఎండాకాలంలో ఆ బోరు నీళ్లు పసుపుపచ్చగా రావడం మొదలైంది. ప్రార్థనకు పెట్టిన సీసా ఒకటి ల్యాబుకు పట్టుకుపోయి రాజారావు పరీక్ష చేశాడు. తాగడానికి పనికిరావని తేలింది. వచ్చి తల్లితో అదే చెప్పాడు.

"ప్రార్థన జేసిన నీళ్లను మిషన్‌ల పెడ్తవా రా?" అంది సంగమ్మ.

అంతే. ఆ రోజు నుంచి కొడుకు చేత్తో ఏ నీళ్లిచ్చినా ముట్టడం మానేసింది. తనే పోసుకుని ఆ పచ్చ నీళ్లే తాగుతుంది, కడుపు పట్టుకుని పడుకుంటుంది.

నేనేమో ఊరుకునే మనిషిని కాదు. మరునాడు చక్కెర కోసం వస్తే పట్టుకున్నాను.

"ఏంది రాజారావూ, ప్రార్థన పెద్దదా, మిషన్ పెద్దదా?"

"గట్ల అడుగుతె ఎట్ల పెద్దమ్మా!" అన్నాడు. చంకలో లావుపాటి పుస్తకం. సంగారెడ్డి లైబ్రరీ నుంచి తెచ్చాడట, తత్వశాస్త్రమట. నా త్రాసులోంచి కిలో తూకపు బాటు తీసి చూపించాడు. "ఇది కిలో ఉన్నదని నీకెట్ల ఎరుక?"

"సర్కారోళ్లు తూచి ముద్ర కొట్టిండ్రు గద."

"వాళ్ల బాటు సరిగున్నదని వాళ్లకెట్ల ఎరుక?"

"ఇంకోదాంతోని తూచి ఉంటరు."

"మరి గా ఇంకోటి?"

"అరే, నీకు చక్కెర కావాల్నా, వద్దా?"

"కావాలె. గా బాటును నమ్మే కొంటున్న. ఏదో ఒకటి నమ్మకుంటె తూకమే లేదు పెద్దమ్మా. గని బాటు అరిగిందనుకో, మనం నమ్మినంత మాత్రాన బరువు పెరగదు. ఏది నమ్మాలె, ఏది తూచాలె? గదే చదువుతున్న."

చక్కెర తీసుకుని వెళ్లిపోయాడు. నా తల మాత్రం పాడుచేసి పోయాడు. ఆ రోజు ప్రతి పొట్లాన్నీ రెండుసార్లు తూచాను. పాలు పోసే యాదగిరి కందిపప్పు కోసం నిలబడి నిలబడి, "ఏం మొగులమ్మ పెద్దమ్మా, కండ్లు మసకలొచ్చినయా?" అన్నాడు. మసకలు కళ్లకైతే డాక్టరు దగ్గరికి పోయేదాన్ని.

తర్వాతి ఆదివారం పొద్దున్నే రాజారావు సైకిలుకు క్యాను కట్టుకుని పటాన్‌చెరు పోయి, మంజీరా నది నల్లా నీళ్లు తెచ్చాడు. వాటితో చర్చికి బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. పసుపుపచ్చ సీసాల పక్కన ఆ క్యాను పెట్టాడు. అందరితో పాటు మోకరించాడు. కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి. నాకు ఇంకా అయోమయమైంది. నమ్మనివాడైతే బల్ల మీద ఎందుకు పెట్టాడు? నమ్మినవాడైతే పటాన్‌చెరు దాకా ఎందుకు తొక్కాడు?

ఇంటికి వచ్చి గ్లాసులో పోసి తల్లి ముందు పెట్టాడు. సంగమ్మ గ్లాసు వైపు చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"నన్ను మాయ జేస్తందుకు పెట్టినవా బల్ల మీద?" అంది.

నేనూ అడిగాను. "జెర నిజం చెప్పు బిడ్డా. ముసలామె తాగాలని పెట్టినవా, నీకే నమ్మకముండి పెట్టినవా?"

రాజారావు గ్లాసును తల్లికి ఇంకా దగ్గరగా జరిపాడు.

"నీళ్లు మంచియని తెలుసుకునే తెచ్చిన పెద్దమ్మా. అమ్మ బాగైతదో లేదో తెల్వకనే మోకరించిన. గా మాట ఏ మిషనూ నాకు చెప్పలే. దేవుడు వింటడనే నమ్ముతున్న. ఎట్ల వింటడంటవా, నాకూ సమజైతలేదు. అమ్మా, జెర తాగవే."