నిజమూ అబద్ధమూ కాని ప్రమాణం

వాక్కునకు అధిదేవతయైన తల్లికి నమస్కరించి, ఆ వాక్కును అంగడిసరుకు చేసిన ఒక పండితుని ముచ్చట వ్రాస్తున్నాను. అది తారణ నామ సంవత్సర కార్తీక బహుళ విదియ. గురజాలకు కోసెడు దూరాన మా ఊరు.

సాక్ష్యం లేని తగవును మా ఊరి పెద్దలు పోలేరమ్మ గుడిలో తేల్చేవారు. వెలిగే దీపాన్ని చేత్తో ఆర్పి ప్రమాణం చేసినవానిదే నెగ్గు. బొంకి ఆర్పితే వంశం నిలవదని భయం. ఆనాటి తగవు మోటబావిది. భర్తను పోగొట్టుకున్న ఒక ఇల్లాలు, ఆ బావిని తన పెనిమిటీ బావగారూ కలిసి తవ్వించారనీ, తన మిరపచేనుకు నీటివంతు ఇవ్వాలనీ అడిగింది. చేను అప్పటికే నీరు లేక వాడిపోతున్నది. వాటా లేదని అరిచిన బావగారు దీపం దగ్గర మాత్రం జంకాడు.

ఆ జంకు తీర్చినవాడు నా సహాధ్యాయి, తర్కపండితుడు. శాస్త్రం నాలుక దాటి లోనికి దిగని మహానుభావుడు. అతని బోధ ప్రకారం బావగారు, "బావిలో ఆమెకు వాటా లేదు, నేను చేసే ఈ ప్రమాణం అబద్ధం" అని గొణిగి దీపం ఆర్పాడు.

"చూశారా!" అన్నాడు పండితుడు నాతో, మీసం లేని చోట చెయ్యి వేసి. "నిజమంటే అబద్ధమవుతుంది, అబద్ధమంటే నిజమవుతుంది. రెండూ కానిదానికి పాపమెక్కడిది?"

"ఆమెకు వాటా ఉంటే మొదటి ముక్కే బొంకు. ఇక చిక్కేమున్నది? మొత్తం వట్టి అబద్ధం. వాటా లేకుంటేనే చిక్కు పుడుతుంది. తమరు చేసిన కవచం నిజం చెప్పేవానికి తప్ప పనికిరాదు" అన్నాను.

అతడు నవ్వి, నాకు తర్కం పట్టుబడలేదన్నాడు. ఆ నవ్వు చూసి, గురువుగారి శ్రమ గంగపాలైనదని తలచాను.

ఇల్లాలు పెద్దల వైపు తిరిగింది. "ఏందయ్యా ఇది? అబద్ధమని ఆయనే అంటుంటే, నిజమని మీరంటారేంది?"

పెద్దరైతు నన్నడిగాడు: "పంతులుగారూ, దీపం ఆరిందా లేదా?"

"ఆరింది. కాని ఆ మాట..."

"ఆరిందిగా? మాటలతో మనకేంది పని? లేవండి, చానా పొద్దుబోయింది."

ఒకడు మాటనే చూశాడు, వీరు పొగనే చూశారు. చేను ఒక్కరికీ కనబడలేదు.

ఆ పుష్యమాసంలో మిరప ఎండిపోయింది. పార్థివ నామ సంవత్సర చైత్ర శుద్ధ దశమినాడు ఆమె ఆ చేనును బావగారికే అమ్మి, నూజెండ్లలోని పుట్టింటికి వెళ్లిపోయింది.