డ్రైవర్ పియో కీటో దీక్ష

పియో గ్వాంగ్సు అనుమానప్పక్షి. అయితే అతనికి పెళ్ళాం మీద అనుమానం లేదు, టాక్సీ కంపెనీ మీద లేదు, సందు మలుపులో దాక్కునే ట్రాఫిక్ పోలీసు మీదా లేదు. ఉన్న అనుమానమంతా చక్కెర మీదే. ఎవరు ఏం పెట్టినా ముందు వాసన చూస్తాడు, తర్వాత చెంచాతో కెలుకుతాడు, ఆ తర్వాత పెట్టినవాళ్ళ మొహంలోకి సూటిగా చూస్తూ, "ఇందులో చక్కెర ఉందా?" అని అడుగుతాడు. ఒకసారి ఉప్పు డబ్బా చేతికిస్తే దాన్నీ అడిగాడని మాసాన్ ఊళ్ళో టాక్సీవాళ్ళందరూ చెప్పుకుంటారు.

ఆ ప్రశ్న రోజూ వినే భాగ్యం మల్సున్‌ది. టాక్సీ కంపెనీ ఎదురుగా ముప్పై ఏళ్ళుగా డ్రైవర్లకి మెస్ నడుపుతోంది. అక్కడికొచ్చే డ్రైవర్లకి ఆవిడ పిన్ని. అరవయ్యేళ్ళవాడికీ పిన్నే, పాతికేళ్ళవాడికీ పిన్నే. అన్నం పెట్టే ఆవిడని వేరే ఏమని పిలుస్తారు! కారం పట్టించి ఊరేసిన క్యాబేజీ కిమ్చీతో ఆవిడ కాచే పులుసు కోసం పక్క ఊళ్ళ టాక్సీలు కూడా దారి మళ్ళించుకుని వచ్చేవి. గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు ఉండేది: "మా పులుసులో చక్కెర వాడం".

గ్వాంగ్సు ఒంటరిగా వచ్చేవాడు కాదు. అతనూ యోమ్ జోంగ్పిల్ గారూ ఒకే బండికి జంట డ్రైవర్లు. పగలంతా యోమ్ గారు నడుపుతారు, రాత్రి గ్వాంగ్సు. సాయంత్రం నాలుగింటికి బండి చేతులు మారుతుంది. ఆ మారే వేళకి ఇద్దరూ మల్సున్ దగ్గర కూర్చుని, మధ్యలో ఒకే పులుసు కుండ పెట్టుకుని, రెండు చెంచాలతో తింటారు. పద్నాలుగేళ్ళుగా అదే బల్ల, అదే మూల. యోమ్ గారికి అరవై రెండు, గ్వాంగ్సుకి యాభై నాలుగు. "అన్నా" అంటే ఆయన, "ఒరేయ్" అంటే ఇతను.

వసంతం మొదట్లో ఒక సాయంత్రం గ్వాంగ్సు బల్ల మీద చెయ్యి చరిచి ప్రకటించాడు.

"పిన్నీ, ఈ రోజు నుంచి నాకు అన్నం వద్దు. కీటో మొదలెట్టాను."

"అదేం రోగం?" అంది మల్సున్.

"రోగం కాదు, డైట్. మాంసం తినొచ్చు, గుడ్లు తినొచ్చు, నెయ్యి తినొచ్చు. అన్నం, సేమ్యా, తీపి... పొరపాటున కూడా ముట్టకూడదు. పొట్ట తగ్గాలి."

"యాభై నాలుగేళ్ళకి పొట్ట తగ్గి ఎవర్ని ఉద్ధరించాలి?" అన్నాడు పక్క బల్ల మీదనుంచి డ్రైవర్ నామ్గుంగ్. ఊరి నోళ్ళన్నీ ఒకెత్తు, అతని నోరొకెత్తు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. మల్సున్ యోమ్ గారి కోసం అన్నం గిన్నె తెస్తే గ్వాంగ్సు అడ్డం పడ్డాడు.

"అన్నకీ వద్దు! ఎదురుగా ఆవిర్లొస్తుంటే నా నోరు ఊరుకుంటుందా? నా దీక్ష చెడుతుంది. ఈ బల్ల మీదికి అన్నమే రాకూడదు. కుండలో సేమ్యా వెయ్యకు. బియ్యప్పిండి బిళ్ళలూ వెయ్యకు. ఆ చిక్కుళ్ళ పాకం గిన్నె తీసెయ్. అవునూ, ఈ ముల్లంగి పచ్చడిలో చక్కెర ఉందా?"

యోమ్ గారు చెంచా అందుకున్నారు. ఎవరు ఏం పెట్టినా తినడం, ఏం తీసేసినా ఊరుకోవడం, అదీ ఆయన తత్వం. తల వంచుకుని పులుసులో మాంసం ముక్క ఏరుకున్నారు. మల్సున్ తెచ్చిన అన్నం గిన్నె విసురుగా వెనక్కి పట్టుకెళ్ళింది. వీడి పొట్ట తగ్గడానికి ఆ పెద్దాయన పస్తుండాలా? ఇదెక్కడి న్యాయం!

మర్నాటి నుంచి ఆవిడ తన పద్ధతిలో న్యాయం చేసింది. గ్వాంగ్సు చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే, యోమ్ గారి సంచిలో ఒక సీసా షిక్యే పడేసేది. బార్లీ మొలకలూ అన్నం కలిపి కాచిన చల్లటి తియ్యటి పానకం అది. మల్సున్ చేతి షిక్యే తాగితే పోట్లాడుకున్న మొగుడూ పెళ్ళాలు కలిసిపోతారని ఆ వీధిలో నమ్మకం. ఒక్కోరోజు సీసాతోపాటు రెండు బియ్యపు రొట్టెలు కూడా.

"ఎందుకు పిన్నీ ఇవన్నీ," అనేవారు యోమ్ గారు ఇబ్బందిగా.

"నోర్మూసుకుని తీసుకోండి. వాడికి కనపడనివ్వకండి."

రెండు నెలలు గడిచాయి. గ్వాంగ్సు అడగడం మానలేదు. ఆవకూర వేపుడులో చక్కెర ఉందా? చేప మీద చల్లింది ఏంటి? ఈ మంచినీళ్ళు తియ్యగా ఉన్నాయేంటి? ఒకరోజు మల్సున్ పళ్ళు కొరుకుతూ, "నేనూ తియ్యగానే మాట్లాడతాను, నన్నూ నాకి చూస్తావా?" అంది. మెస్ అంతా గొల్లుమంది.

అయితే ఆవిడ కళ్ళకి ఒక విషయం ఆనింది. ఇంత కఠిన దీక్షలో ఉన్న మనిషి చిక్కిపోవాలి కదా? గ్వాంగ్సు చొక్కా గుండీలు రోజురోజుకీ బిగుసుకుంటున్నాయి. గడ్డం కింద రెండో గడ్డం వచ్చింది. సీటు బెల్టు కూడా అందడం లేదని నామ్గుంగ్ చూసొచ్చి చెప్పాడు.

"పిన్నీ, ఇది కీటో కాదు, ఏదో గోల్‌మాల్," అన్నాడు.

మల్సున్‌కీ అదే అనుమానం. మూతి కడుక్కుని బయటికెళ్ళి ఎక్కడో మెక్కుతున్నాడు. ఇక్కడ మాత్రం యోమ్ గారి నోరు కట్టేస్తున్నాడు!

ఆ వారమే కొంప మునిగింది. నాలుగింటికి మెస్ నిండా డ్రైవర్లున్నారు. గ్వాంగ్సు జేబులోంచి సన్నటి కాగితప్పట్టీ ఒకటి తీసి, అందరూ చూస్తుండగా పులుసు కుండలో ముంచాడు. కాసేపటికి దాని చివర ఆకుపచ్చగా మారింది.

"పిన్నీ," అన్నాడు నెమ్మదిగా, "ఇందులో చక్కెర ఉంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మల్సున్ చెయ్యి దానంతటదే పొయ్యి కింద దాచిన బియ్యపు పాకం డబ్బా మీదికి వెళ్ళింది. ముప్పై ఏళ్ళ గుట్టు అది. కుండకి ఒకే ఒక గరిటెడు. బోర్డు మీద రాసింది అబద్ధం కాదు, పాకం చక్కెర కాదు కదా అని ముప్పై ఏళ్ళుగా తనకి తాను చెప్పుకుంటోంది.

"ఏంటా కాగితం? ఎవడిచ్చాడు నీకు?" అని గయ్యిమంది.

"ఆగు, ఆగు, అది నాకు తెలుసు!" నామ్గుంగ్ లేచి నిలబడ్డాడు. "మా అత్తగారు బాత్రూంలో పెట్టుకుంటుంది. అది ముంచాల్సింది పులుసులో కాదురా నాయనా!"

మెస్ పైకప్పు లేచిపోయేట్టు నవ్వారు. మల్సున్ నవ్వలేదు. గోడ మీది బోర్డు ఆవిడని చూసి వెక్కిరిస్తున్నట్టుంది. ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క కాగితప్పట్టీతో నీళ్ళపాలు. వీడి దొంగ దీక్ష నలుగురిలో బయటపెట్టకపోతే నా పేరు మల్సున్ కాదు అనుకుంది.

మర్నాడు యోమ్ గారి సంచిలో మామూలుగానే సీసా పెట్టింది. తిండి అయ్యాక ఆయన బండి కాగితాలు అప్పగించడానికి ఎదురుగా కంపెనీ ఆఫీసుకి వెళ్ళారు. గ్వాంగ్సు ఆయన సంచి కూడా పట్టుకుని వెనక సందులో ఉన్న బండి దగ్గరికి వెళ్ళాడు. మల్సున్ గరిటె పుచ్చుకుని వెనక గుమ్మంలో, కిమ్చీ జాడీల చాటున నక్కింది.

గ్వాంగ్సు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. యోమ్ గారు వదిలి వెళ్ళిన సంచిలోంచి ఆవిడ షిక్యే సీసా తీసి, పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. ఆ పైన రెండు బియ్యపు రొట్టెలూ ఒకదాని వెనక ఒకటి నోట్లో కుక్కుకున్నాడు.

మల్సున్ ఒక్క అంగలో వెళ్ళి కారు తలుపు లాగింది.

"దొరికావురా దొంగా! అందులో చక్కెర ఉందా?"

గ్వాంగ్సుకి రొట్టె గొంతులో అడ్డం పడింది. ఆవిడే వీపు మీద నాలుగు చరిచింది. అందులో రెండు రొట్టె కోసం, రెండు కసి కోసం.

"పెద్దాయనకని నేను పెట్టింది నువ్వు తింటావా? సిగ్గుండాలి!"

"అరవకు పిన్నీ, నీకు దణ్ణం పెడతాను! అన్న వింటాడు."

"వినాలనే అరుస్తున్నాను!"

"అన్నకి షుగర్ పిన్నీ!"

మల్సున్ ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఆగిపోయింది.

"పోయిన చలికాలం కళ్ళు మసకలొచ్చాయి. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరు బండి తోలొచ్చు అనేదాకా పదిహేను రోజులు ఆయన షిఫ్టూ నేనే చేశాను. అన్నం, తీపి తగ్గించు, మూడు నెలల్లో దిగకపోతే సూదులే అన్నాడు. అన్న సంగతి నీకు తెలుసుగా. ఎవరు ఏం పెట్టినా కాదనలేడు, నాకు జబ్బుందని చెప్పుకోనూలేడు. ఇద్దరం తినేది ఒకే కుండ. నేను కీటో అన్నాననుకో, అందరూ నన్ను చూసి నవ్వుతారు. ఆయన వైపు ఎవరూ చూడరు."

"మరి ఆ కాగితం?"

"అన్నదే, ఒంట్లో షుగర్ ఎంతుందో చూసుకునేది. ఇంత కట్టడి చేసినా రెండో నెల కూడా షుగర్ దిగలేదు. ఎక్కణ్ణించి వస్తోందా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నీ సీసా సంగతి మొదటివారమే పట్టుకున్నాను, అప్పట్నుంచి అన్న అటు వెళ్ళగానే నేనే తాగేస్తున్నా. ఇక మిగిలింది పులుసే."

మల్సున్ జాడీ మీద కూలబడింది. తను జాలిపడి పెట్టిన సీసాలూ, ఆ గరిటెడు పాకమూ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి. ఆవిడకి ఏడుపొచ్చింది, ఏడిస్తే బాగుండదని కోపం తెచ్చుకుంది.

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే నువ్వు 'అయ్యో యోమ్ గారూ' అంటావు. ఆ ఒక్క 'అయ్యో' చాలు, ఆయన ఇంక నీ గడప తొక్కడు."

నిజమే. ఆ మాట అనకుండా ఉండటం తన వల్ల కాదు.

"సరే, సీసా పారబొయ్యొచ్చుగా. పీపాలా తయారయ్యావు!"

గ్వాంగ్సు తల గోక్కున్నాడు. "నీ షిక్యే పారబొయ్యడానికి చెయ్యి రాలేదు పిన్నీ. చాలా బాగుంటుంది."

యోమ్ గారికి మళ్ళీ రక్తపరీక్ష వచ్చే నెల తొమ్మిదో తారీఖున. మల్సున్ ఆ సాయంత్రమే పాకం డబ్బా మూత బిగించి అటక మీద పడేసింది. పొద్దున్నే లేచి ఉల్లిపాయలూ క్యాబేజీ మగ్గబెట్టి ఉడికించింది, ఎండు చేపలు రెట్టింపు వేసింది. "పులుసు మారిందేంటి?" అన్నవాడికల్లా, "నీ నోరు మారింది!" అని బదులిచ్చింది. సీసాలు మానేసింది. బోర్డు కింద చిన్నక్షరాలతో "ఈసారి నిజంగానే" అని రాసింది. గ్వాంగ్సుని మాత్రం ఎప్పటికన్నా ఘోరంగా తిట్టింది. మెస్‌లో ఎవడైనా యోమ్ గారికి మిఠాయి అందించబోతే చాలు, "ఆ బల్ల మీద తీపి పెట్టకండి, కీటో దొర అలుగుతాడు!" అని అరిచేది. గ్వాంగ్సు అందుకు తగ్గట్టే మూతి ముడిచేవాడు.

తొమ్మిదో తారీఖు మధ్యాహ్నం నుంచీ ఆవిడ చేతిలో పని నిలవలేదు. మూడు గిన్నెలు జారవిడిచింది. నాలుగింటికి సందులో హారన్ మూడుసార్లు మోగింది. గ్వాంగ్సు గుమ్మంలోంచే కేక పెట్టాడు.

"పిన్నీ! దిగింది! నూట ఎనభై నుంచి నూట పదికి దిగింది!"

"నూట ఎనభై కిలోలా?" నామ్గుంగ్ చేతిలో చెంచా కింద పడింది. "మనిషివా ఏనుగువా? బండి టైర్లు ఎట్లా ఆగాయిరా?"

గ్వాంగ్సు నాలిక్కరుచుకున్నాడు. యోమ్ గారు చెవుల దాకా ఎర్రబడి, "వాడికి లెక్కలు రావు," అని గొణిగి మూల బల్ల దగ్గర కూర్చున్నారు. మల్సున్ వంటింట్లోకి పరిగెత్తి, నవ్వుకోవడానికి మొహం ఏప్రన్‌తో కప్పుకుంది.

ఇప్పుడొచ్చిన తంటా ఏంటంటే, సీసాలు ఆగిపోయాక గ్వాంగ్సు నిజంగానే చిక్కిపోతున్నాడు. అన్నం లేకుండా ముద్ద దిగని మనిషి, నెలరోజులుగా గుడ్లూ మాంసమూ తిని బతుకుతున్నాడు. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. మల్సున్ కాసేపు ఆలోచించి, మట్టి గిన్నె అడుగున పిడికెడు అన్నం నొక్కి, పైన గిలక్కొట్టిన గుడ్డు పోసి ఆవిరి మీద ఉడికించి తెచ్చి అతని ముందు పెట్టింది. పొంగిన గుడ్డు కింద అన్నం ఎవరికీ కనపడదు. గ్వాంగ్సు చెంచా దింపాడు, ఆగిపోయాడు, అనుమానంగా తలెత్తాడు.

"పిన్నీ, ఇందులో..."

"గుడ్డు! మాట్లాడకుండా తిను!"

అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి. ఇంకేం అడగలేదు.

యోమ్ గారు మంచినీళ్ళ వంకతో లేచి వంటింటి కిటికీ దగ్గరికి వచ్చారు.

"పిన్నీ," అన్నారు గొంతు తగ్గించి, "రేపటి నుంచి ఆ గుడ్డు కింద అన్నం ఇంకొంచెం ఎక్కువ పెట్టు. వెధవ, సగమైపోయాడు."

మల్సున్ నోరు తెరిచింది. "మీకు... తెలుసా?"

"పద్నాలుగేళ్ళుగా ఒకే బండి తోలుతున్నాం. సీటు కింద రొట్టె పొడి ఎవరిదో నాకు తెలీదా? పొట్ట తగ్గాలనుకునేవాడు తన గిన్నెలోకి చూసుకుంటాడు. వీడు మొదటిరోజు నుంచీ నా గిన్నెలోకే చూస్తున్నాడు." ఆయన గ్లాసు నింపుకున్నారు. "నాకు తెలుసని వాడికి చెప్పకు. దీక్ష చెడుతుంది."

మూల బల్ల దగ్గర గ్వాంగ్సు గిన్నె అడుగు గీకుతున్నవాడల్లా తలెత్తాడు.

"పిన్నీ! అన్న అక్కడ ఏం గుసగుసలాడుతున్నాడు? చక్కెర అడుగుతున్నాడా?"

"కాదు," అంది మల్సున్ ఏప్రన్‌తో కళ్ళు ఒత్తుకుంటూ, "బుద్ధి ఉంటే నీకు కాస్త పెట్టమంటున్నాడు. నిండుకుందని చెప్పాను!"