సిగరెట్టుకొక బత్తాయి

మా ఆయన దగ్గు 1980ల చివర్లో మొదలైంది. నార్కట్‌పల్లి దగ్గర మా బత్తాయి తోటలో ఆయన ఏ మూల ఉన్నాడో ఆ దగ్గును బట్టే చెప్పేదాన్ని. వినపడితే కోపం, వినపడకపోతే భయం. పొయ్యి ముందు కూర్చున్నా నా చెవి తోటవైపే ఉండేది. ఆఖరికి వెంటబడి నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు ఓపికగా చెప్పాడు. "సిగరెట్ పొగ లోపలికి పోతే ఇనుముకు తుప్పు పట్టినట్టు ఒళ్లంత కరాబైతది. ఆ తుప్పును ఆపే సత్తువ బత్తాయి పండ్లల్ల ఉంటది. నీ సిగరెట్టు ఆ సత్తువను గూడ తినేస్తాంది. ముందుగాల అది బంద్ చెయ్యి. పండ్లు మంచిగ తిను."

డాక్టరు తుప్పు అన్నదానికి ఆక్సీకరణ ఒత్తిడి అనే పెద్ద పేరుందని చాలా ఏళ్లకు పత్రికలో చదివాను. మా ఆయన చెవికెక్కింది మాత్రం పండు ఒక్కటే.

ఊళ్లో బస్సు దిగగానే సిగరెట్ ముట్టించాడు. అది అయిపోయాక తోటలోకి పోయి ఒక బత్తాయి తెంపుకుని తిన్నాడు. ఇక అదే పద్ధతి అయింది. ఒక జేబులో సిగరెట్ పెట్టె, ఇంకో జేబులో పండు. ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా ఇదే వైద్యం చెప్పేవాడు. సొంత తోట కాబట్టి పండ్లకు కరువు లేదు, ఆ ధైర్యంతో సిగరెట్లూ పెరిగాయి. నాకు ఒళ్లు మండిపోయేది.

"డాక్టర్ సాబ్ చెప్పింది గిదేనా?" అని నిలదీసేదాన్ని.

"నువ్వు ఊకె ఫికర్ చేస్తవు. పొగ తీస్కపోయింది పండు తెచ్చిస్తది," అని నవ్వేవాడు. నవ్వు కాస్తా దగ్గులోకి దిగేది.

ఒక ఏడు కాపు విరగకాసింది. కోతకు ముందు తోటంతా చూసొస్తానని బయలుదేరాడు. మనసాగక నేనూ వెనకాలే నడిచాను. ఒకప్పుడు ఒక్క ఊపులో ఆ చివరిదాకా పోయే మనిషి, బావి దాటకముందే ఆగిపోయాడు. ఊపిరందక నోరు తెరిచాడు, ముందుకు తూలాడు. ఒక చేతిలో వెలుగుతున్న సిగరెట్, ఇంకో చేతిలో తర్వాత తినాల్సిన బత్తాయి. పడిపోకుండా కొమ్మ పట్టుకోవాలంటే ఏదో ఒకటి వదలాలి.

నేను పరుగెత్తి వెళ్లేలోపే ఆయన కొమ్మ అందుకున్నాడు. బత్తాయి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.