ఓటు కోసం పెట్టిన బొట్టు

టీచరుగా నా మొదటి పోస్టింగు కేసముద్రం దగ్గర ఒక తండాలో వచ్చింది. మాది జనగామ. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు మాట్లాడుకునే కుటుంబం. కేసముద్రంలో మార్కెట్ యార్డు వెనక చిన్న గది అద్దెకు తీసుకొని, పొద్దున్నే షేర్ ఆటోలో తండాకు పోయేదాన్ని. మిరప కల్లాల ఘాటుకు ఆటోలో అందరం తుమ్ముకుంటూ పోయేవాళ్లం. తలమీద చున్నీ తీయకుండా పాఠం చెప్పే టీచరును ఆ పిల్లలు అంతకుముందు చూడలేదు. కొన్నాళ్లు వింతగా చూశారు, తర్వాత మరిచిపోయారు.

ఆ బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె నాకంటే కొంచెం పెద్దది. నేను అక్కా అనేదాన్ని, ఆమె మేడం అనేది. ఆమె కూతురు నా దగ్గరే మూడో తరగతి చదివేది. ఆ పిల్లకు చిన్నప్పుడు మూర్ఛ వచ్చేదట.

"తిరుగని జాగ లేదు మేడం," అని ఒకరోజు వంకాయలు తరుగుతూ చెప్పింది. "గుట్ట మీద తల్లికి యాటను కోసినం. దర్గకు పోయి తాయెత్తు కట్టిచ్చినం. దవాఖాన గోలీలు మింగిచ్చినం. ఆఖరికి మా చెల్లె చర్చికి తోల్కపోయింది. ఆడ ప్రార్థన చేసినంక మల్ల రాలే, గోలీలు గూడ బంద్ వెట్టినం."

అప్పటినుంచి ఆమె బొట్టు పెట్టుకోవడం మానేసింది. గాజులు తీసేసింది. ఆదివారం కేసముద్రంలో రేకుల షెడ్డులో నడిచే చర్చికి పోతుంది. తండాలో అట్లా పోయే ఇళ్లు ఇంకొన్ని ఉన్నాయి. భర్త మాత్రం చర్చికీ పోడు, గుట్టకూ పెద్దగా పోడు. ట్రాక్టరు నడుపుకుంటాడు. "నా బిడ్డ మంచిగుంటె సాలు, ఏ దేవుడైతేంది?" అనేవాడు. అత్త ఒక్కతే సణిగేది. తల్లి పండుగనాడు కోసిన మాంసం ఆమె ముట్టదని తెలిసి పక్కింటివాళ్లు ఆమె కోసం వేరే పప్పు వండడం నేను కళ్లారా చూశాను. ఆ పప్పు గిన్నె గురించి జనగామలో మా అమ్మకు గొప్పగా చెప్పాను కూడా.

సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. ఎవరికి జబ్బు చేసినా ట్రాక్టరు తీసి దవాఖానకు చేర్చేవాడని, వంటక్క భర్తను నిలబడమని పడుచువాళ్లు పట్టుబట్టారు. ఆయన నిలబడ్డాడు. ఎదుటి మనిషి ఒక కాంట్రాక్టరు. తండాలో పుట్టినవాడే కానీ మహబూబాబాద్‌లో ఇల్లు కట్టుకొని అక్కడే ఉంటాడు. మొదట ఇద్దరూ నీళ్ల ట్యాంకు గురించీ రోడ్డు గురించే మాట్లాడారు. వారం గడిచేసరికి నీళ్ల మాట ఎవరి నోటా లేదు.

"ఆయిన గెలిస్తే గుట్ట కింద జాగల చర్చి లేస్తది," అన్నారు ముందు. తర్వాత ఇంకో మాట పుట్టింది. చర్చికి పోయేవాళ్లు సర్పంచ్ అయితే తండాకు రిజర్వేషనే పోతుందట. గిరిజనులకు మతం మారినా రిజర్వేషన్ పోదని నేను బడి అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులతో అన్నాను. వాళ్లలో ఒక ముసలాయన ఎంతో మర్యాదగా చెప్పాడు:

"మేడం, మీరు పిల్లలకు సదువు చెప్పుండ్రి. మీరు మంచిగ చెప్తున్నరు. గీ దేవుండ్ల ముచ్చట మీకెందుకు? మీరు వేరే గద."

అంతకుముందు ఆ తండాలో నన్ను వేరే అన్నవాళ్లు లేరు.

కాంట్రాక్టరు గుట్ట మీద తల్లికి భోగ్ చేయిస్తున్నానని చాటింపు వేయించాడు. భోగ్ అంటే నిప్పు రాజేసి, నెయ్యీ తీపీ వేసి తల్లికి మొక్కి, ఆ ప్రసాదం అందరూ పంచుకోవడం. ఇంటింటికీ పిలుపు పోయింది. ప్రసాదం తిననివాళ్లు తండావాళ్లు కారు అన్న మాట కూడా వెంట పోయింది.

మరునాడు వంటక్క పొయ్యి ముందు కూర్చొని ఉంది. అన్నం అడుగంటుతున్నా లేవలేదు.

"ఏమైంది అక్కా?"

"మా ఆయిన రాత్రి నా కాళ్లు వట్టుకున్నడు మేడం. ఒక్కసారి బొట్టు వెట్టుకొని గుట్టకు రా, అందరి ముంగట గింత ప్రసాదం నోట్ల ఏసుకో, ఓట్లయినంక నీ యిష్టం అంటున్నడు."

"నువ్వేమన్నావు?"

"నేనేమంట? నిలవడ్డోడు ఆయిన. అందరు సూసేది నా మొఖం." పొగకు మండే కళ్లు కొంగుతో తుడుచుకుంది. "నా బిడ్డను బాగుచేసిన దేవునికి నేను మాటిచ్చిన. ఆ మాట తప్పితే బిడ్డకేమన్న అయితదేమోనని బుగులు. తినకుంటె తండల మా ఇజ్జత్ పోతది. నువ్వు సదువుకున్నదానివి. నువ్వయితె ఏంజేస్తవ్?"

నీ మనసుకు తోచినట్టు చెయ్యమన్నాను. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

ఆ ఆదివారం జనగామలో ఉండగా కెనడా నుంచి ఆపా ఫోన్ చేసింది. ఆపా అంటే మా పెద్దమ్మ కూతురు. అక్కడ ఫ్రెంచి మాట్లాడే రాష్ట్రంలో ఉంటుంది. టీచరు కావాలని మళ్లీ మొదటినుంచీ చదివి పాసయింది. అంతలో ఆ రాష్ట్రంలో సర్కారు బడి టీచర్లు మతం గుర్తులేవీ వేసుకోవద్దని చట్టం వచ్చింది. తలమీద గుడ్డ తీస్తేనే ఉద్యోగం. నేను వంటక్క సంగతి చెప్పాను. మన దగ్గరే ఇట్లా ఉంటుందేమో, మీ దగ్గర ఓటు వేరు, దేవుడు వేరు కదా అన్నాను.

ఆపా నవ్వింది, సంతోషంతో కాదు. "ఎవరు చెప్పిండ్రే నీకు? ఎలక్షన్లొస్తె అన్ని పార్టీలోళ్లు బూట్లిప్పి మా మసీదుకొస్తరు. గురుద్వారాకు పోయి తలకు గుడ్డ కట్టుకుంటరు. చర్చిల ముందు వరుసల కూసుంటరు. ఈ చట్టం గురించి అడిగితే మాత్రం చానమంది సూటిగ మాట్లాడరు. గుడ్డ తియ్యాలన్నోళ్ల ఓట్లు గావాలె, తియ్యద్దన్నోళ్లవి గూడ గావాలె."

"తీసేస్తే ఏమవుతది ఆపా?"

"తీస్తే అమ్మీకి ఏం చెప్పాలె? తియ్యకుంటె నా పిల్లలకు ఏం పెట్టాలె?"

ఇప్పుడు ఒక గోదాములో పెట్టెలకు టేపు వేసే పని చేస్తున్నానని చెప్పి, షిఫ్టు టైమయిందని పెట్టేసింది.

భోగ్ నాడు బడికి పిల్లలు రాలేదు. నేనూ గుట్ట కిందిదాకా పోయి నిలబడ్డాను. వంటక్క వచ్చింది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, చేతుల నిండా కొత్త గాజులు. భర్త పక్కన తల వంచుకొని నడిచింది. జనం రెండుగా జరిగి దారి ఇచ్చారు. ప్రసాదం పెట్టినప్పుడు రెండు చేతులూ చాపి తీసుకుంది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. నోట్లో వేసుకుంది, నమిలింది, మింగింది. చాలా ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ఆమె కూతురు తల్లి నుదుటివైపు చూసి నవ్వుతోంది, పండుగ అనుకొని.

ఆ వీడియో సాయంత్రానికే చర్చికి చేరింది. పాస్టరు తండాకు వచ్చి విశ్వాసుల ఇళ్లన్నీ తిరిగాడు. ఓటు గురించి ఒక్క మాట అనలేదట. ఇద్దరు దేవుళ్ల దగ్గర చెయ్యి చాపేవాళ్లను నమ్మవద్దు అని మాత్రం అన్నాడట. గుట్టవైపువాళ్లు కూడా నమ్మలేదు. "ఓట్ల కోసం తిన్నది, కడుపుల భక్తి లేదు" అన్నారు.

పోలింగు రోజు నాకు వేరే ఊళ్లో డ్యూటీ పడింది. ఫలితం ఫోన్‌లో విన్నాను. ఆయన ఓడిపోయాడు. చర్చి ఇళ్ల ఓట్లూ రాలేదు, పప్పు వండిపెట్టిన ఇంటి ఓట్లూ రాలేదని ఆయనే చెప్పాడు.

కొద్ది రోజులకు బడి వంట ఇంకొకామెకు ఇచ్చారు. పిల్లల తల్లిదండ్రులు కోరుతున్నారు అని కారణం చెప్పారు. నేను హెడ్మాస్టరుతో మాట్లాడాను, మండలం ఆఫీసుకు పోయి మాట్లాడాను. చూద్దాం అన్నారు. చర్చివాళ్లు కూడా ఆమెను రానివ్వలేదు; అందరి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటే మళ్లీ రానిస్తామన్నారట. ఆమె పోలేదు. "నేను దొంగతనం చేసిన్నా మేడం?" అంది.

ఆ చలికాలంలోనే ఒకరోజు లెక్కలు చేస్తూ చేస్తూ పిల్ల బెంచీ మీద నుంచి పడిపోయింది. నోటి వెంట నురుగు. ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. ఇది దేవుడి కోపం కాదు, గోలీలు మానినందుకు మళ్లీ వచ్చింది, ఇక ఆపకుండా వాడాలని డాక్టరు ఓపికగానే చెప్పాడు. వంటక్క తల ఊపింది కానీ ఆ మాట ఆమె లోపలికి పోలేదని నాకు తెలుస్తూనే ఉంది.

బయట వరండాలో నా పక్కన కూర్చుంది. అంతకుముందు ఏ చిన్న కష్టానికైనా కళ్లు మూసుకొని పెదవులు కదిపేది. ఆ రోజు కళ్లు తెరిచే ఉన్నాయి.

"గిప్పుడు ఎవలకు మొక్కాలె మేడం?" అని అడిగింది. "బిడ్డను బాగుచేసిన దేవునికి మాట తప్పిన. తల్లి కాడ అబద్ధం తిన్న. నా మాట ఎవలు వింటరు?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నేను నమాజు చేసేదాన్నే, అయినా ఆ వేళ నాకూ ఏ దువా నోటికి రాలేదు.

ట్రాక్టరు అమ్మేసి వాళ్లు భూపాలపల్లికి వెళ్లిపోయారు. భర్తకు బొగ్గు గని దగ్గర లారీ మీద పని దొరికింది. పోయిన ఏడాది ఒక ట్రైనింగు కోసం చిట్యాల మీదుగా బస్సులో భూపాలపల్లి పోయినప్పుడు వాళ్ల గదికి వెళ్లాను. గోడల మీద ఏ దేవుడి పటమూ లేదు. నుదురు ఖాళీగా ఉంది. చాయ్ పెట్టి ఇచ్చింది. గిన్నెల మీద బొగ్గు దుమ్ము పడుతుందని రోజుకు ఎన్నిసార్లు కడుగుతుందో చెప్పింది. ఆపా సంగతి అడిగింది. ఇంకా గోదాములోనే ఉందన్నాను.

పిల్ల మంచం మీద నిద్రపోతోంది. గోలీలకు ఎప్పుడూ మత్తుగా ఉంటుందట, అందుకని బళ్లో వేయలేదు.

వీధిలో మైకు వినిపించింది. ఏదో పార్టీ ఊరేగింపు, ముందు ఒక దేవుడి పాట. నేను తలుపువైపు చూశాను. ఆమె చూడలేదు.

"మన దగ్గరికి రారు మేడం," అంది. "మాకీడ ఓటు లేదు."

లేచి తలుపు దగ్గరగా వేసి, పిల్ల మీది దుప్పటి సరిచేసింది.