ఆదివారం నాటి లెక్కల పాఠం

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది జూన్‌లో, వర్ధన్నపేట వైపు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు నన్ను లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ చేశారు. అంటే పదో తరగతి ఫలితాల భారమంతా నా నెత్తినే. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, నడుమ మామూలు క్లాసులు. నేను గడపలో అడుగుపెడితే గోడమీది బల్లి కూడా ఎక్కాలు వల్లెవేసేది. ఖిలా వరంగల్ తోరణాలు సైతం నా పిల్లలంత కదలకుండా నిలబడలేవని గొప్పలు పోయేవాణ్ని.

నిద్ర మాత్రం నన్ను వదిలి వేరే జిల్లాకు బదిలీ చేయించుకుంది. కాజీపేట జంక్షన్ రైళ్లన్నీ నా ఛాతీలోనే నడిచేవి. సిలబస్ అయిపోతే అదే తగ్గుతుందనుకున్నాను.

పరీక్షల ముందు ఒకరోజు త్రిభుజాల సిద్ధాంతాన్ని బోర్డు నిండా నిరూపించి, వెనక బెంచీని లేచి నిలబడమని గద్దించాను. గదులు ఊడ్వడానికి వచ్చిన అటెండర్ యాదమ్మ గుమ్మంలో కొయ్యబారిపోయింది.

"సారూ, ఎవల మీద అరుస్తాండ్రు?"

"పదో తరగతి మీద. కనబడ్తలేదా?"

"ఇయ్యాల ఐతారం సారూ! లోపట ఒక్క పోరడు లేడు."

తిరిగి చూశాను. అన్నీ ఖాళీ బెంచీలే. పాఠమంతా చెప్పినా నాకు తేడా తెలియలేదు. పిల్లలు నిండుగా కూర్చున్న రోజు కూడా ఆ గది సరిగ్గా ఇంతే నిశ్శబ్దంగా ఉండేది మరి!

యాదమ్మ ఫోను చేయగానే హెడ్మిస్ట్రెస్ మేడం పరుగున వచ్చారు. దవాఖానకు పోదామన్నారు. పరీక్షలయ్యే దాకా ఆగుతానన్నాను.

"అప్పటిదాంక మీరుండాలె గద సార్! రిజల్ట్ ఫికర్ నాకు ఇడిసిపెట్టుండ్రి."

చేతికంటిన సుద్ద దులుపుకుని మేడం వెంట దవాఖానకు బయల్దేరాను. మానసిక వైద్యుడు డిప్రెషన్ అన్నారు. మందులు, మెడికల్ లీవు రాశారు. వార్త నాకంటే ముందే హనుమకొండ బస్టాండు చేరి, అక్కడినుంచి అన్ని డిపోలకూ వెళ్లిపోయింది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో తిరిగి చేరేసరికి మేడం టైంటేబుల్ మార్చేశారు. నాకు ఆరో తరగతి, స్పెషల్ క్లాసులు లేవు. మొదటిరోజే రెండు జడల పిల్లొకటి లేచి, "సారూ, గీ లెక్క మీకన్న వస్తదా?" అంది. నా సర్వీసులో అంత మాట ఎవరూ అనలేదు. ముందు అదిరిపడ్డాను, తర్వాత నవ్వాను. గది పైకప్పు లేచిపోయేంత గోల.

స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఆరో తరగతికే చెప్పాను. మందులు డాక్టరు ఆపమన్నప్పుడే ఆపాను. తెలుసుకున్నది ఒక్కటే. తరగతి మరీ నిశ్శబ్దంగా ఉంటే, పిల్లల క్రమశిక్షణను మెచ్చుకునే ముందు మాస్టారు సరిగ్గా నిద్రపోతున్నారా అని అడగాలి.