రాసేటోని కోసం ఒక ప్రార్థన

ఈ మధ్య మళ్లీ రోజూ రాయడం మొదలుపెట్టాను. ఉదయం ప్రార్థన ముగించి, కాఫీ కూడా పెట్టుకోకుండా బల్ల దగ్గర కూర్చుంటాను. మా ఆయన పోయాక ఆ వేళకు కాఫీ అడిగేవాళ్లు లేరు. టీచరుగా చేరిన కొత్తలో సంఘ పత్రికకు పిల్లల కథలు రాసేదాన్ని, తరువాత సంసారంలో పడి కలం మూసేశాను. ఇన్నేళ్లకు తెరిస్తే ముందుగా గుర్తొచ్చింది నేను రాసిన కథేదీ కాదు, చిన్నప్పుడు ఒక మాసపత్రికలో చదివిన మాయల సీరియల్లో ఒక్క భాగం.

మా నాయన గుమ్మఘట్ట దగ్గరి పల్లెలో చర్చి ఉపదేశి. ఇంట్లో బైబిలు తప్ప వేరే పుస్తకం ఉండేది కాదు; మాంత్రికుల కథలంటే ఆయనకు గిట్టేది కాదు. అయినా రాయదుర్గంలో ఉండే మా మామ నెలనెలా ఆ పత్రికను బస్సులో పంపేవాడు, చూపు మందగించిన మా అవ్వకు నేను చదివి వినిపించేదాన్ని, నాయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఆ కథలో మాంత్రికుడు అక్కను రాయిగా మార్చేస్తాడు. ఆమెను విడిపించే మణి కోసం చెల్లెలు పాడుబావిలోకి దిగుతుంది, సగంలో తాడు తెగుతుంది. ఆ నెలకు అంతే. మా వైపు బావుల్లో అప్పటికి నీళ్లెక్కడివి; పడినవాళ్లు మునిగిపోరు, అడుగున కూర్చుని పైన గుండ్రంగా కనబడే ఆకాశాన్ని చూస్తూ ఉంటారు. అందుకే ఆ పిల్ల మాకు కట్టుకథలా అనిపించలేదు.

ఆ శుక్రవారం ఆడవాళ్ల కూడికలో అవ్వ లేచి నిలబడి, బావిలో పడిన ఆడబిడ్డను పైకి తీయమని కన్నీళ్లతో ప్రార్థించింది. అందరూ కళ్లొత్తుకుంటూ ఆమేన్ అన్నారు.

"ఏ ఊరి పిల్ల అవ్వా?" అని అడిగింది పక్కింటి పిన్నమ్మ.

"ఊరు తెలీదు మే. పుస్తకంలో పిల్ల."

కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని అందరూ నవ్వారు. "అట్లయితే రాసినోన్ని అడగాల గానీ, దేవుణ్ణి అడిగితే ఏమొస్తాది?" అంది పిన్నమ్మ.

"ఆ రాసేటోనికి బుద్ధిచ్చేది ఎవరు మే?" అంది అవ్వ.

నాయన వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. ఇక పత్రిక పొయ్యిలోకే అనుకున్నాను. ఆయన మాత్రం, "ప్రార్థనకు అడ్డం చెప్పేకి నేనెవర్ని," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆనాటి నుంచి సాయంత్ర ప్రార్థనలో వాన కోసం, రోగుల కోసం అడిగాక, "రాసేటోనికి మంచి బుద్ధి ఇయ్యి తండ్రీ," అని అవ్వ చేర్చేది. కానీ ఆ నెలలోనే మామ, కరువుకు పని దొరకక బళ్లారి వైపు వెళ్లిపోయాడు, పత్రిక ఆగిపోయింది. బస్సు చప్పుడైతే చాలు, "పుస్తకం వచ్చినాదా పాపా?" అని అడిగేది. మిగతాది నేను అల్లి చెప్తానంటే ఒప్పుకోలేదు, "నువ్వు అల్లితే అది నా ప్రార్థనకు జవాబు ఎట్లయితాది?" అంది. మరుసటి వేసవిలో అవ్వ పోయింది. ఆ పిల్ల బావిలోనే ఉండిపోయింది.

ఇప్పుడు సంఘంలో విన్నపాలు ఫోనులోనే వస్తాయి. జోడించిన చేతుల బొమ్మ ఒకటి పంపితే ప్రార్థించినట్టే, నేనూ పంపుతాను. ఉదయాలు నేను రాస్తున్నది ఆ చెల్లెలి కథే. తాడు తెగేదాకా రాశాను, అక్కడే ఆగిపోయాను. పైకి ఎలా తేవాలో తెలియడం లేదు. నా కోసం నేను అడుక్కోగలను, అడుగుతూనే ఉన్నాను. కానీ రాసేటోనికి మంచి బుద్ధి ఇమ్మని అడిగే అవ్వ గొంతు ఇప్పుడు లేదు.