రేకు మీద అత్త వడియాలు

పరువు పోవడానికి ఒక్క మధ్యాహ్నం చాలు. నాది డెబ్భైల చివర్లో, జంషెడ్‌పూర్‌ కద్మా పేటలో, మా మేనత్త డాబా మీద పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తప్పు నాదే కావడం మరీ మంట.

అప్పుడు అక్కడి లాబొరేటరీలో కొత్తగా చేరాను. అల్యూమినియం రేకు మీద కంటికి ఆనని పలచటి పూత పూసి, మిట్టమధ్యాహ్నం కూడా దాన్ని గాలికంటే చల్లగా ఉంచాలని నా పంతం. రేకు ఎండను తిప్పికొడుతుంది, పూత తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. కరెంటు అక్కర్లేదు, నీళ్లక్కర్లేదు. ఆరు నెలలు తంటాలుపడి మంచమంత రేకు తయారుచేశాను. లాబొరేటరీ పెద్ద, మా సాహెబు, కొలిచి చల్లగా ఉందంటే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే ఇంటికి.

రేకును అత్త డాబా మీద పరిచి, గాలి తగలకుండా పైన పాలిథీన్ కప్పు కట్టాను.

"ఏటిరా అది?" అంది అత్త.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. ఆవిడకు చెబితే ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను, మహా సైంటిస్టుని కదా. "ఎండలో పెట్టే సామాను అత్తా," అన్నాను.

"ఎండ బాగా తగులుతాదా?"

"బ్రహ్మాండంగా."

ఎందుకు అడుగుతోందని ఆలోచించానా? లేదు. జంషెడ్‌పూర్‌లో వడియాలు పెట్టడమంటే కార్ఖానా మసితో కుస్తీ. పొద్దున తెల్లగా పెట్టినవి సాయంత్రానికి మిరియాలు చల్లినట్టుంటాయి. అలాంటి ఊళ్లో మసి పడని కప్పు, అద్దంలాంటి రేకు, పైగా మేనల్లుడి హామీ.

మళ్లీ నేను డాబా ఎక్కింది నాలుగో రోజున, సాహెబుతోనే. ఎక్కేసరికి, కప్పు కింద బూడిద గుమ్మడికాయ వడియాలు బారులు తీరి ఉన్నాయి.

"యే క్యా హై?" అన్నాడాయన.

"వడియాలు, సార్."

థర్మామీటరు పెట్టాడు. గాలికంటే చల్లగానే ఉంది. నేను గంతెయ్యబోయాను.

"ఇది పచ్చి వడియాల తడి చల్లదనం. తడిగుడ్డ పరిచినా ఇంతే చల్లబడుతుంది," అని హిందీలో అనేసి థర్మామీటరు జేబులో పెట్టుకున్నాడు.

"తడి ఆరితే కదా సార్ చల్లబడేది? ఇవి ఆరనేలేదు. రేకు చల్లదనానికే ఆరలేదు."

అత్త ముందుకొచ్చింది. "నాను సెప్తాను బాబూ. మూడు రోజులై ఒక్క వడియం ఆరితే ఒట్టు. రేకు మంచుగడ్డలాగున్నాది. పిండంతా పులిసిపోనాది."

నేను హిందీలోకి మార్చి చెప్పాను. ఇంటివాళ్ల సాక్ష్యం చెల్లదన్నాడు సాహెబు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతి అయినా ఫరవాలేదంటారు. కొలిచేవాడు మనవాడు కానప్పుడు రేకు గడ్డకట్టినా లాభం లేదు. మళ్లీ కొలుద్దామని వడియాలు ఊడదీస్తే, వాటితోపాటే నా పూతా ఊడొచ్చింది.

నెలాఖరుకి నన్ను ఇంటికి పంపేశారు. నా రేకు చల్లగా ఉందని ఊరంతటిలో నమ్మిన మనిషి ఒక్కతే, ఆవిడేమో రోజూ దాన్ని తిడుతోంది.

సాహెబు మెట్లు దిగిన ఆ మధ్యాహ్నమే పులిసిన వడియం మీద చెయ్యేసి ప్రమాణం చేశాను: ఇకమీదట ఏం కనిపెట్టినా ముందు అత్తకు అర్థమయ్యేలా చెబుతాను, సాహెబుకు ఆ తర్వాతే.